టిక్కీ నెప్పి కాదు

ఐదో రోజు పొద్దున జొరం దిగింది.
వాడకట్టంతా వచ్చి చూసి
"ఇంకేం ఏస్తేరమ్మా, గండం గడిచింది" అంది.
నేనూ అనుకున్నా.
చెయ్యి వేసి చూస్తే నుదురు చల్లగా,
తెల్లారగట్ట కుండలాగా.

అప్పటిదాకా మాకు ఒకటే లెక్క.
ముప్పై ఎనిమిది వేలు, ఇరవై రెండు, పంతొమ్మిది.
మిర్చి యార్డులో తేజా ధర అడిగినట్టు
దారిన పోయేవాళ్ళంతా ప్లేట్లెట్లు అడిగారు:
"ఇయ్యాళ ఎంత?"
సంగడిగుంట నుంచి ఆడబిడ్డ
బొప్పాయాకు దంచి రసం తెచ్చింది.
కివీ పండు ఒకటి యాభై అంటే రెండే కొన్నా.
ఒకటి తిని, రెండోది పిల్లకని దిండు కింద దాచాడు.

ఆ మధ్యాన్నమే నడుం పట్టుకున్నాడు.
పొట్ట పైన మొదలై
వెనక్కి దూసుకుపోతందంట.
ఇరవై ఏళ్ళు నలభై ఐదు కేజీల టిక్కీలు మోసిన వీపు,
దానికి నెప్పి కొత్తా?
కొబ్బరినూనెలో కర్పూరం కాచి రుద్దాను.
రుద్దుతుంటే మోకాళ్ళు పొట్టలోకి లాక్కుని
ముందుకి వంగి కూర్చున్నాడు.
అట్టా ఉంటేనే కాస్త తెరిపి అన్నాడు.
అచ్చం బరువెత్తేటప్పటి వంపు.
అంత చూసి కూడా నాకు తట్టలా,
ఇప్పుడాయన వీపు మీద టిక్కీ లేదని.

రాత్రికి పచ్చగా కక్కాడు.
కళ్ళల్లో పసుపుకొమ్ము అరగదీసిన నీళ్ళు.
ఆటోలో పెద్దాసుపత్రికి పోతుంటే
వాన వెలిసిన రోడ్డు నిండా గుంటలు,
గుంట గుంటకీ ఒక లైటు.
ఏ నీళ్ళల్లో పుట్టిందో ఆ దోమ,
మా నీలం డ్రమ్ములోనో
ఎదురింటి మేడ మీది పాత టైరులోనో.
తిట్టడానికి కూడా ఒక దిక్కు లేదు.

డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ
ప్లేట్లెట్లు అడగలా.
పొట్ట మీద రెండు వేళ్ళు ఆనించింది.
మేస్త్రి ఎంత తిట్టినా నోరెత్తని మరియదాసు
వార్డు లేచిపోయేటట్టు అరిచాడు.

"డెంగీ కాలేయాన్ని పట్టింది.
క్లోమం కూడా వాచినట్టుంది" అంది.
కాలేయమంటే తెలుసు. కార్జం.
పిల్లకి రక్తం పట్టుద్దని
ఆదివారం మస్తాను కొట్లో అడిగి వేయించుకునేదాన్ని.
క్లోమమంటే?
ఏ పొట్లంలోనూ అది ఇంటికి రాలా.
గుండె పగిలిందంటాం, కడుపు మండిందంటాం,
పేగు కదిలిందంటాం.
దీన్ని తిట్లలో కూడా తలుచుకోలా ఎవరూ.

తెల్లారి పిల్ల ఎనిమిదో తరగతి నోట్సు తెచ్చింది.
జీర్ణాశయం వెనకమాల
ముడుచుకున్న ఆకులాగా పెన్సిలు గీత.
"పరీక్షలో ఇది గియ్యడం మర్చిపోయానే,
అర మార్కు పోయింది" అంది,
తప్పు ఒప్పుకున్నట్టు.

నోటికేమీ పెట్టొద్దన్నారు, చుక్క నీళ్ళు కూడా.
పెదాలకి తడిగుడ్డ అద్దుతా కూర్చున్నా.
నిద్రలో గోంగూర అడిగాడు.
మూడో రోజుకి ప్లేట్లెట్లు లక్ష దాటినయ్యి,
ఆడబిడ్డ ఫోన్లో ఏడుస్తా స్తోత్రం చెప్పింది.
నేను చెప్పలా.
లెక్క లేచింది గానీ
మనిషి ఇంకా వంగే ఉన్నాడు.

పక్క మంచానికి కొత్తగా ఒక కుర్రాణ్ణి తెచ్చారు.
వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని
"మీ ఆయనకి ఎంతకి పడిపోయినయ్యి?" అంది.
"అది తరవాత.
వాడికి నెప్పెక్కడో అడిగావా?" అన్నా.
కసురుకున్నట్టే వచ్చింది మాట.
ఏమనుకుందో.

ఆరో రోజు బార్లీ నీళ్ళు నాలుగు చెంచాలు.
మింగాడు. ముగ్గురం మొహం వైపే చూస్తన్నాం.
ఏమీ కాలా.
సాయంత్రం నేను గ్లాసు కడుక్కొచ్చేసరికి
వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు,
వీపు మొత్తం పరుపుకి ఆనించి.
పాదాలు మంచం దాటి గాల్లో ఉన్నయ్యి.

ఈయన ఇంత పొడుగా, అనుకున్నా.